సిరా ముట్టని చెయ్యి

"నాకు కాదు మాస్టర్, ఆయనకి చెప్పండి. నిన్న నాకు చెప్పింది మళ్ళీ చెప్పండి," అంది సాత్విక.

వీరరాఘవులు చెప్పులు గుమ్మం బయట విడిచి, హాల్లోకి రెండడుగులు వేసి ఆగిపోయాడు. భుజానికి గుడ్డసంచి ఉంది. సాత్విక తల్లి మైథిలి కుట్టు వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్ళు కటింగ్ మాస్టర్‌గా పనిచేసిన మనిషి. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఢిల్లీ ద్వారకాలో ఉన్న ఈ ఫ్లాటుకి ఆయన రావడం మాత్రం ఇదే మొదటిసారి.

సోఫాలో సాత్విక తండ్రి సదాశివరావు పేపరు పట్టుకుని ఉన్నాడు. చదవడం లేదు, మడవడమూ లేదు.

"నిన్న అమ్మాయిగారు పిలిస్తే లాడో సరాయ్‌లో గ్యాలరీకి వెళ్ళానండి," అన్నాడు వీరరాఘవులు. "పెద్ద గదిలో మూడు తెల్లగుడ్డలు వేలాడదీసి, వాటిమీద వీడియో వేస్తున్నారు. మేడంగారి డైరీ అంటూ గుడ్డమీద అక్షరాలు పడ్డాయి. ఒక్కో అక్షరం నా ఎత్తుంది."

"అయితే?"

"అది మేడంగారి రాత కాదన్నానండి. అంతే."

వంటింట్లోంచి లక్ష్మీకుమారి వచ్చింది. సదాశివరావు అక్క. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

"ఏమయ్యా, కత్తెర పట్టుకునేవాడివి, చేతిరాతలు పట్టే పోలీసువి ఎప్పుడయ్యావు?"

"దీనికి పోలీసు అక్కర్లేదమ్మా. అక్కడున్నది సిరా. మేడంగారు సిరా ముట్టేవారు కాదు." ఆయన సాత్విక వైపు తిరిగాడు. "పట్టుమీద సిరా చుక్క పడితే చచ్చినా పోదు. అందుకని వర్క్‌షాపులోకి పెన్ను రానిచ్చేవారు కాదు. కొరియర్ వచ్చినవాడి జేబులో పెన్ను కనిపిస్తే మెట్లమీదే నిలబెట్టేసేవారు. ఏం రాసినా పెన్సిలే. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టాల్సొస్తే కిందికి దిగి, పాన్ డబ్బా దగ్గర నిలబడి పెట్టి, చేతులు కడుక్కుని పైకొచ్చేవారు. ఆ పాన్‌వాలా నవ్వేవాడు, మేడం నా కొట్టు మీ దస్తఖత్ ఆఫీసా అని."



సాత్విక తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఫోర్ మంత్స్, డాడీ. లెన్స్ పెట్టి ఆ సిరాని షూట్ చేశాను. ఎక్కడ ఆగిందో, ఎక్కడ పాకిందో ఒక్కో గీతా చూశాను. ఇక్కడ మా అమ్మ చెయ్యి వణికింది అని కార్డుమీద రాసి పెట్టాను. సాయంత్రం ఆరున్నరకి జనం వచ్చి అది చదువుతారు. ఎవరి చెయ్యి అది? కిస్‌కా హాథ్ హై?"

"నాదే," అన్నాడు సదాశివరావు.

పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచాడు. "అవి ఫెయిర్ కాపీలు. మీ అమ్మ డైరీలు అని ఇచ్చాను. మీ అమ్మ చేతిరాత అని నేనెప్పుడూ అనలేదు."

"వాహ్!"

"వెటకారం వద్దు. పెన్సిలు రాతలు చెరిగిపోతున్నాయి. సగం పేజీల్లో ఎవరెవరివో నడుం కొలతలు, చేతుల పొడవులు. వరసా లేదు, తేదీలూ సరిగా లేవు. అన్నీ ఒక క్రమంలో పెట్టి ఎత్తి రాశాను. ఆవిడ పోయాక ఆరు నెలలు నేను చేసింది అదే పని."

మంత్రిత్వశాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళమీద నోట్లు రాసి, డ్రాఫ్టులు దిద్ది రిటైరైన మనిషి ఆయన. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆయన గొంతులో తప్పు చేసినవాడి జంకు లేదు. పని పూర్తిచేసిన గుమాస్తా నిబ్బరం ఉంది.

"ఒరిజినల్స్ ఎక్కడున్నాయి?"

"ఫెయిర్ కాపీ అయ్యాక రఫ్ ఉంచరు."

"ఉంచరు అంటే?"

"చించి బకెట్లో నానబెట్టాను. ఆఫీసులో పాత ఫైళ్ళకి అలాగే చేస్తాం. అలా అయితే ఒకళ్ళ చేతిలో పడి అల్లరి కాదు."

సాత్విక నోరు తెరిచింది. ఏ భాషలో తిట్టాలో వెతుక్కుంటున్నట్టు ఆమె పెదవులు కదిలాయి.

వీడియో కోసం ఆ డైరీలు చదివిపెట్టిన అన్నపూర్ణేశ్వరి, భోజనాల బల్ల దగ్గర కుర్చీ చివర కూర్చుని, తల వంచుకుంది. పొద్దున్నే సాత్విక ఫోన్ చేసి రమ్మంటే, జియా సరాయ్ హాస్టల్ గదిలో పరీక్ష పుస్తకాలు మూసేసి, ధౌలా కువాన్‌లో బస్సు మారి వచ్చింది. రాగానే కూర్చోమన్నారు. అప్పటినుంచి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

"మరి బాంబే?" అంది సాత్విక చివరికి.

సదాశివరావు మడిచిన పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"మూడో గుడ్డ మీద నడిచేది మొత్తం బాంబేయే కదా డాడీ! ఎయిటీ ఎయిట్‌లో అమ్మ ఫార్టీ డేస్ బాంబేలో ఉంది, ఎగ్జిబిషన్ కోసం. రోజూ సాయంత్రం సముద్రం దగ్గర నడిచింది. డైరీలో అదే ఉంది. ఆ పేజీల కోసం నేను అక్కడికి వెళ్ళి తొమ్మిది రోజులు సముద్రాన్ని షూట్ చేసుకొచ్చాను."

"బొంబాయా?" వీరరాఘవులు మొహం చిట్లించాడు. "మేడంగారు బొంబాయి వెళ్ళింది ఒక్కసారేనండి, తొంభై నాలుగులో. నేనూ వెళ్ళాను. రెండు రోజులూ ఒకటే వాన. హోటల్లో కూర్చుని హుక్కులు కుట్టుకున్నాం. సముద్రం ఏ వైపుందో కూడా చూళ్ళేదు."

సాత్విక బల్లమీద ఉన్న ఆహ్వానపత్రం తీసింది. దాని మీద తెలుగు అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం అచ్చేసి ఉంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. రాదు గనుక కంఠతా పట్టింది.

"'సముద్రానికి అంచు కుట్టేవాళ్ళు లేరు.' ఈ లైన్ ఎవరిది?"



"ఎవరిదైతేనేమే? బాగుంది కదా!" అంది లక్ష్మీకుమారి.

"నాదే," అన్నాడు సదాశివరావు. నేల చూస్తూ అడిగాడు. "అంత చెడ్డగా ఉందా?"

సాత్విక పకపకా నవ్వింది.

"చెడ్డగా ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు! మీరే అమ్మని రాసేశారు. అమ్మ ఏం చూసిందో, ఏం అనుకుందో అన్నీ మీరే. నోట్ షీట్ మీద రాసినట్టు రాసేశారు. నేను దాన్ని గుడ్డమీద వేసి, చూడండి మా అమ్మ అంటున్నాను. వాట్ యామ్ ఐ? మీ టైపిస్టునా?"

"గొంతు తగ్గించు. పక్క ఫ్లాటువాళ్ళు వింటారు."

"విననీ!"

ఆమె గిర్రున అన్నపూర్ణ వైపు తిరిగింది.

"నువ్వు చదివావు. ఆరు పుస్తకాలూ నువ్వే చదివి వినిపించావు. ఆ గదిలో వినపడే గొంతు నీది. నీకు తెలీలేదా?"

అబద్ధం చెప్పడానికి సందు ఉంది. తెలీలేదక్కా అంటే సరిపోతుంది. అన్నపూర్ణ ఆ సందు వంక ఒక్క క్షణం చూసింది.

"తెలుసక్కా."

"ఎప్పటినుంచి?"

"రెండో ఆదివారం నుంచి. వంటింట్లో క్యాలెండరు మీద అంకుల్ ఆంటీ తద్దినం తిథి రాసుకున్నారు. అదీ ఇదీ ఒకటే రాత. 'థ' కింద చుక్క పెట్టి తోక లాగుతారు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీకు తెలిసే ఉంటుందనుకున్నా. మీకు తెలీదని తర్వాత అర్థమైంది. అప్పటికి మీరు సగం వీడియో తీసేశారు."

పరాయి ఇంట్లో చూసింది అక్కడే వదిలిపెట్టి రావాలని అన్నపూర్ణ చిన్నప్పటినుంచీ విన్నది. ఆ మాట మంచిదేనని ఈ పొద్దుటి వరకు నమ్మింది. ఇప్పుడు సాత్విక కళ్ళు చూస్తుంటే, తాను దొంగల పక్కన నిలబడి కాపలా కాసినట్టు అనిపించింది.

"మీరంతా ఒకటే," అంది సాత్విక. "ఈ ఇంట్లో అందరూ చదవగలరు. అత్త చదువుతుంది, ఎవరి దగ్గర తెలుగు పేపరున్నా అడిగి తెచ్చుకుని చదువుతుంది. నేనొక్కదాన్నే గుడ్డిదాన్ని. ఎనిమిదేళ్ళప్పుడు నేర్పమని అడిగాను కదా డాడీ? ఏమన్నారు? హిందీ, ఇంగ్లీష్ చాలు, ఢిల్లీలో తెలుగుతో ఏం పని అన్నారు. అబ్ సమఝ్‌మే ఆయా, ఇప్పుడర్థమైంది ఏం పనో!"

"అప్పటికి ఇవేవీ లేవు. దానికీ దీనికీ ముడిపెట్టకు."

"నేను కాదు ముడి వేసింది."

వీరరాఘవులు గొంతు సవరించుకున్నాడు. సంచి భుజంమీంచి దించి, అందులోంచి అట్ట ఊడిపోయిన ఒక పొడుగాటి పుస్తకం తీశాడు. పాత చీర అంచుతో కట్టి ఉంది.

"నిన్న ఆ సముద్రం చూసొచ్చాక అన్నం సయించలేదండి. ఆ నలభై రోజులూ మేడంగారు ఈ ఊళ్ళోనే, షాపూర్ జాట్‌లో ఉన్నారు. వర్క్‌షాపు పైగదిలో. కింద నేను కుట్టుకునేవాణ్ణి. ఇది అప్పటి కొలతల పుస్తకం. వెళ్ళిపోయేటప్పుడు, దీన్ని ఇక్కడే ఉంచు రాఘవులూ, ఇంటికి తీసుకెళ్ళలేను అన్నారు. ఉంచాను. కొలతల పేజీలు తప్ప మిగతావి నేను చదవలేదు."

సదాశివరావు లేచి నిలబడ్డాడు. ఇంతసేపటికి మొదటిసారి ఆయన మొహం రంగు మారింది.

"అది ఇలా ఇవ్వు."

"మీకివ్వడానికి తేలేదండి."

"అది నా భార్య పుస్తకం!"

"ఇస్తే బకెట్లో నానబెడతారు గదండీ."

లక్ష్మీకుమారి అట్లకాడ బల్లమీద కొట్టింది. "ఎంత నోరురా నీకు! ఇంటికొచ్చి యజమానినే మాటలంటావా? ఆవిడ పెట్టిన కూడు తిన్నావు, ఇప్పుడు ఆవిడ కాపురం బజార్న పెడతావా?"

"నా కూడు నేను కుట్టుకుని తిన్నానమ్మా."

సాత్విక ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుంది. ముడి విప్పింది. పలచని బూడిదరంగు అక్షరాలు. కొన్నిచోట్ల కాగితం మీద రాత కన్నా ఒత్తిడే ఎక్కువ మిగిలింది. ఆమె వేలు ఒక వరస వెంబడి నడిచి, చివర ఆగి, మళ్ళీ మొదటికి వచ్చింది. తల్లి రాసిన అసలు మాట చేతిలోకి వచ్చింది. అందులో ఒక్క ముక్క ఆమెకు తెలియదు.

పుస్తకం తీసుకెళ్ళి అన్నపూర్ణ ముందు పెట్టింది. "చదువు."

"అమ్మాయ్, వద్దు," అన్నాడు సదాశివరావు. "ఇది మా ఇంటి విషయం. నువ్వు బయటిదానివి."

"హాస్టల్ పిల్లవి. బుద్ధిగా పరీక్షలు రాసుకోక నీకెందుకే తల్లీ ఈ గొడవ?" అంది లక్ష్మీకుమారి.

అన్నపూర్ణ ఆ ఇంట్లో నాలుగు నెలలు ఆదివారాలు అన్నం తిన్నది. సదాశివరావు తన నోట్సు దిద్దిపెట్టాడు, బస్టాండు దాకా వచ్చి ఎక్కించాడు. ఆయన కళ్ళలోకి చూడకుండా పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"'1988 ఏప్రిల్ 11. షాపు మూసెయ్యమన్నారు. మూసెయ్యనన్నాను. అనడం తేలికే. సూట్‌కేసు పట్టుకుని మెట్లు దిగడం కష్టమైంది. రాఘవులు పైగది ఊడ్చి ఇచ్చాడు.'"

ఆమె గొంతు ఆ గదిలో కొత్తగా వినిపించింది.

"'ఏప్రిల్ 13. నా వల్ల కాలేదు. పాప లేకుండా రెండు రాత్రులే పడుకోగలిగాను. ఇంటికి వెళ్ళాను. తలుపు తీయలేదు. లోపల లైటుంది. రేడియో వినపడుతోంది.

"'14. వెళ్ళాను. తీయలేదు.

"'15. వెళ్ళాను. బెల్లు నొక్కితే మోగలేదు. తీగ తీసేశారు.'"

"ఆగు," అంది సాత్విక.

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "అప్పుడు మన ఇల్లు ఆర్.కె. పురం క్వార్టర్స్. ఆ సమ్మర్ అంతా బెల్లు ఖరాబ్. నా ఫ్రెండ్స్ ఆడుకోడానికొచ్చి కిందనుంచి అరిచేవాళ్ళు. నాకు గుర్తుంది. తీగ ఎవరు తీశారు?"

లక్ష్మీకుమారి గోడవంక చూసింది. తమ్ముడి భార్య ఇల్లు వదిలిందని కబురందితే, ఆరేళ్ళ సాత్వికని చూసుకోడానికి తెనాలి నుంచి మర్నాడే రైలెక్కి వచ్చిన మనిషి ఆవిడ.

"ఇల్లు వదిలి పోయిన మనిషికి..." అని మొదలుపెట్టాడు సదాశివరావు.

"మూడో రోజుకి వచ్చేసింది!" సాత్విక అరుపుకి కింద ఎవరిదో కుక్క మొరిగింది. "దో రాతేఁ! రెండు రాత్రులు వెళ్ళింది. మిగతా అన్ని రోజులూ మీరు బయట నిలబెట్టారు. తర్వాత మీరే కూర్చుని, మంచి పెన్నుతో, సముద్రం అని రాశారు!"

"నేనేం రాసినా ఆవిడని చులకన చేసి రాయలేదు."

"ట్వంటీ ఇయర్స్ నేను అమ్మ మీద కోపంగా ఉన్నాను డాడీ. నన్నొదిలేసి నలభై రోజులు సముద్రం చూసుకుంటూ తిరిగిందని. చివర్లో హాస్పిటల్లో కూడా అడిగాను. బాంబేలో నేనెప్పుడైనా గుర్తొచ్చానా అమ్మా అని. అమ్మ ఏం చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని చూస్తూ ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే! నేను బాంబే వెళ్ళలేదే అంటే చాలు కదా!"

"అదే," అన్నాడు సదాశివరావు. ఆయన గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "చావబోతూ కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఎప్పుడైనా ఆలోచించావా?"

"మీ పరువు కోసం. ఇంకెందుకు?"

ఆయన చూపు కొలతల పుస్తకం మీదికి పోయింది.

సాత్విక ఫోన్ మోగింది. గ్యాలరీ నుంచి. మూడో ప్రొజెక్టరు కూడా వేసి చూడాలా అని అడుగుతున్నారు. "అభీ నహీఁ. నేను చెప్పేదాకా సముద్రం వెయ్యొద్దు," అని పెట్టేసింది. "చదువు అన్నపూర్ణా."

"చాలమ్మా," అన్నాడు సదాశివరావు. ఈసారి అన్నపూర్ణతో అన్నాడు. ఇందాకటి అదిలింపు లేదు. చేతులు రెండూ కొంచెం ముందుకు చాపాడు. "అక్కడితో చాలు. తప్పంతా నాదేనని సాత్విక అంది కదా. నేను ఒప్పుకుంటున్నాను. సాయంత్రం వచ్చి అందరి ముందూ చెబుతాను, అది నా రాతేనని. ఇక మూసెయ్యి."

అంత తేలిగ్గా ఆయన ఒప్పుకోవడం చూసి వీరరాఘవులు కూడా ఆశ్చర్యపోయాడు.

అన్నపూర్ణ పేజీ తిప్పింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. వెళ్ళాను, తీయలేదు. ఆ మాటల పక్కనే ఎవరి జాకెట్టువో చంక కొలతలు. ఇరవై రెండో తేదీ దగ్గర మాత్రం అరపేజీ నిండా రాసి ఉంది. పైకి చదవడానికి ముందే కళ్ళు రెండు వరసలు ముందుకి పరుగెత్తడం ఆమెకు అలవాటు.

ఆమె ఆగిపోయింది.

"ఏముంది?"

అన్నపూర్ణ తల ఎత్తి సదాశివరావు వంక చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"అక్కా, ఇది... తర్వాత చదువుదాం. ప్రదర్శన అయ్యాక."

"ఓహో!" సాత్విక బల్లమీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది. "ఇప్పుడు నువ్వు కూడా ఫెయిర్ కాపీ చేస్తావా?"

ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. అన్నపూర్ణ పుస్తకం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట చేర్చకుండా.

"'ఏప్రిల్ 22. ఇవాళ తలుపు తెరుచుకుంది. గొలుసు సందులో సాత్విక. ఒంటిమీద నీలం గౌను. పొట్టిదైపోయింది, రెండంగుళాలు కిందికి వదలాలి. అమ్మలూ, తలుపు తియ్యి అన్నాను. నా మొహంలోకే చూసింది. మా అమ్మ బొంబాయిలో ఉంది, అని నాతోనే చెప్పింది. తలుపు వేసేసింది.'"

సాత్విక అలాగే వంగి నిలబడి ఉంది. ఆమె చూపు పుస్తకం మీద ఉంది, తనకు తెలియని ఆ అక్షరాల మీద. ఆరేళ్ళ పిల్ల అక్కడెక్కడో దాక్కున్నట్టు వెతుకుతోంది.

తర్వాత నిటారుగా లేచింది. అరవలేదు. తండ్రినీ, మేనత్తనీ మార్చి మార్చి చూసింది.

"ఆ మాట నాకు ఎవరు నేర్పారు?"

"నేను కాదు," అంది లక్ష్మీకుమారి.

"నేను కాదు," అన్నాడు సదాశివరావు, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"దాని కింద ఇంకా రెండు వరసలున్నాయక్కా," అంది అన్నపూర్ణ. ఈసారి ఎవరూ అడక్కుండానే.